ఏ భాస్కరుడు?

సభాధ్యక్షులకు, వేదికపై ఆసీనులైన పెద్దలకు, ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం. పెద్దలందరినీ పేరుపేరునా సంబోధించడం మర్యాదే అయినా, నాకిచ్చిన 20 నిమిషాలలో సగం దానికే చెల్లిపోతుంది కనుక క్షమించమని కోరుతున్నాను. పైగా నేను మాట్లాడబోయేది పేర్లు తెచ్చే చిక్కుల గురించే.

జాతీయ గణిత దినోత్సవానికి మీరు ముద్రించిన ఆహ్వాన పత్రికలో నా ప్రసంగాంశం ‘భాస్కరుని గణిత ప్రతిభ’ అని ఉంది. పత్రిక అందిన రోజునే నిర్వాహకులకు ఫోన్ చేసి, ఏ భాస్కరుడని అడిగాను. అవతలివారు కాసేపు తటపటాయించి, ‘అదేనండీ, మన భాస్కరుడు’ అన్నారు. వారిని తప్పుపట్టను, దేశమంతా అలాగే అంటున్నది. కాని ఆ ‘మన’ అన్న మాటలో కనీసం ఇద్దరు మహా గణితవేత్తలు ఒకరిలో ఒకరు కలిసిపోయారు.

మొదటివాడు 7వ శతాబ్దివాడు. ఆర్యభటీయానికి ఆయన రాసిన భాష్యం క్రీ.శ. 629 నాటిది. మహాభాస్కరీయం, లఘుభాస్కరీయం అనే ఖగోళ గణిత గ్రంథాలు ఆయనవే. రెండవవాడు శక సంవత్సరం 1036లో, అంటే క్రీ.శ. 1114లో పుట్టాడు. ఈ లెక్క మనం కట్టింది కాదు. తన పుట్టుకను ‘రస గుణ పూర్ణ మహీ’ అనే భూతసంఖ్యలలో, అంటే అంకెలకు బదులు మాటలు వాడే పద్ధతిలో, ఆయనే చెప్పుకొన్నాడు. రసాలు 6, గుణాలు 3, పూర్ణం 0, మహి 1; అంకెలను కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటే 1036 వస్తుంది. తన 36వ ఏట సిద్ధాంత శిరోమణిని రచించానని కూడా అదే శ్లోకంలో అన్నాడు. మీ పాఠాలలో వినిపించే లీలావతి ఆ గ్రంథంలోని భాగమే. భాష్యం వెలసిన 629కీ, శిరోమణి వెలసిన 1150కీ నడుమ 521 ఏళ్ల దూరం ఉంది. అది నేడు ఈ సభలో కూర్చున్న మనకూ శ్రీకృష్ణదేవరాయల కాలానికీ ఉన్నంత దూరం. రాయలవారినీ మనలో ఒకరినీ ఒకే మనిషిగా ఎవరైనా లెక్కిస్తే నవ్వుతాం. ఇద్దరు భాస్కరులను కలిపేస్తే మాత్రం చప్పట్లు కొడతాం.

ఇక్కడ నా సొంత గోడు ఒకటి చెప్పుకోవాలి, దానికోసమే ఈ ఆహ్వానాన్ని ఒప్పుకున్నానని దాచకుండా అంగీకరిస్తున్నాను. చాలా ఏళ్ల క్రితం, నేను బడిపంతులుగా ఉన్న రోజులలో, ఒక క్విజ్ పోటీకి ముగ్గురు పిల్లలను తీసుకువెళ్లాను. జ్య విలువను, అంటే మీరు సైన్ అనే విలువను, పట్టిక లేకుండా సుమారుగా కట్టే సూత్రం ఎవరి పేరున ప్రసిద్ధమని చివరి ప్రశ్న వేశారు. మా జట్టులోని అమ్మాయి లేచి, ‘మొదటి భాస్కరుడు, 7వ శతాబ్ది’ అని స్పష్టంగా చెప్పింది. నిర్ణేత తన చేతిలోని జవాబుల కాగితం చూసుకుని, ‘భాస్కరాచార్యుడు, 12వ శతాబ్ది’ అని చదివి, మార్కులు తీసేశారు. నేను లేచి అభ్యంతరం చెప్పబోతే, ‘భాస్కరుడు ఒక్కడేనండీ, పిల్లలను గందరగోళపెట్టకండి’ అన్నారు. తిరుగు ప్రయాణంలో ఆ అమ్మాయి, ‘సార్, నేను తప్పు చెప్పానన్నారా, అసలు ఆయనే లేడన్నారా?’ అని అడిగింది. ఆ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ సూత్రాన్ని మీరే పరీక్షించండి. విద్యార్థులు దయచేసి కాగితం, కలం తీయండి. కోణాన్ని 180 నుంచి తీసివేసి, వచ్చినదాన్ని ఆ కోణంతోనే గుణించండి. ఆ లబ్ధాన్ని నాలుగింతలు చేసి పైన రాయండి. 40500 నుంచి అదే లబ్ధాన్ని తీసివేసి కింద రాయండి. పైదాన్ని కిందదానితో భాగిస్తే జ్య విలువ వస్తుంది. కోణం 30 డిగ్రీలైతే పైన 18000, కింద 36000 వస్తాయి, సరిగ్గా సగం. 90 డిగ్రీలైతే పైనా కిందా 32400 వస్తాయి, సరిగ్గా ఒకటి. 45 డిగ్రీల దగ్గర 0.7059 వస్తుంది, అసలు విలువ 0.7071. ఆర్యభటుడు జ్యాభేదాల, అంటే వరుస జ్యల మధ్య తేడాల, పట్టిక ఇచ్చాడు. ఆయన అక్షరసంకేతంలో మ అంటే 25, ఖి అంటే 200 కనుక, ఆ పట్టికలోని మొదటి అంకె 225ను ‘మఖి’ అన్నాడు. మహాభాస్కరీయం 7వ అధ్యాయంలో మన మొదటివాడు, మఖి మొదలైన వాటి అవసరం లేని పద్ధతిని చెబుతున్నానని ముందుగానే ప్రకటించి ఈ సూత్రాన్ని ఇచ్చాడు. అలా చెప్పినవాడిని లేడనడానికి నాకు నోరు రాదు.

న్యాయంగా మాట్లాడాలంటే, ఆ నిర్ణేత వైపు కూడా కొంత ఆధారం ఉంది. ఇదే సూత్రం లీలావతిలో చాపానికి జ్యను కట్టే పద్ధతిగా, కాస్త రూపు మార్చుకుని కనిపిస్తుంది. లీలావతి ఊరూరా చదివిన పుస్తకం. మహాభాస్కరీయం పండితుల పెట్టెలలో ఉండిపోయినది. అందుకే పేరు ఒకటైనప్పుడు, ఎక్కువమంది ఎరిగినవాడు తక్కువమంది ఎరిగినవాడిని మింగేస్తాడు. 628 నాటి బ్రహ్మగుప్తుని గ్రంథంలోనూ ఈ సూత్రం ఉంది. ఎవరు ముందన్న తగవు పండితులకే వదిలేస్తాను. అక్కడ పేర్లు వేరు కనుక ఎవరి పద్దు వారికే నిలిచింది. ఒక్క పేరు వేరుగా ఉండి ఉంటే మా పిల్లకు ఆ మార్కులు దక్కేవి.

ఈ పేరు గణితానికే పరిమితం కాదు. శంకరుల తరువాత బ్రహ్మసూత్రాలకు భేదాభేద భాష్యం, అంటే జీవునికీ బ్రహ్మానికీ భేదమూ అభేదమూ రెండూ ఉన్నాయనే భాష్యం, రాసినవాడు మరో భాస్కరుడు. తెలుగులోకి వస్తే, తిక్కన సోమయాజి తాతగారు మంత్రి భాస్కరుడు. భాస్కర రామాయణ కర్తలలో ఒకడు హుళక్కి భాస్కరుడు. ఆ రామాయణం పేరులోని భాస్కరుడు వీరిద్దరిలో ఎవరన్న వాదం మన సాహిత్య చరిత్రలో చాలాకాలం నడిచింది. మారద వెంకయ్య శతకంలోని భాస్కరుడైతే మనిషే కాడు, సాక్షాత్తూ సూర్యుడు. లలితా సహస్రనామాలకు వ్యాఖ్య రాసిన భాస్కరరాయలు 18వ శతాబ్దివాడు. ఇంకా విచిత్రం, మన 12వ శతాబ్ది భాస్కరుని వంశంలోనే మరొక భాస్కరుడున్నాడు. ఈ 12వ శతాబ్ది భాస్కరుని మనుమడు చంగదేవుడు తాతగారి గ్రంథాలు చదివించడానికి మఠం పెట్టించాడని చెప్పే పాటణా శాసనం, వారి పూర్వులలో భోజరాజు చేత విద్యాపతి బిరుదు పొందిన భాస్కరభట్టును పేర్కొంటుంది. అంటే ఇంట్లోవారికి కూడా ‘ఏ భాస్కరుడు’ అని అడగవలసిన అవసరం ఉండే ఉంటుంది.

దూరదేశంలో ఇంకో వింత జరిగింది. వర్గ సమీకరణాన్ని సాధించే సూత్రాన్ని బ్రెజిల్ బడిపిల్లలు భాస్కర సూత్రమంటారు. వారి భాస్కరుడు 12వ శతాబ్దివాడే. ఆయన మాత్రం తన బీజగణితంలో ఆ పద్ధతిని తనకు ముందటి గణితవేత్త శ్రీధరునిదని చెప్పి మరీ ఉదహరించాడు. తనది కాదన్నా కీర్తి వచ్చి ఆయన ఒళ్లో పడింది. ఏడవ శతాబ్దివాడికి ఇవ్వవలసినదైనా చేరలేదు.

1979 జూన్‌లో భాస్కర, 1981 నవంబరులో భాస్కర-2 ఉపగ్రహాలు కక్ష్యలోకి వెళ్లాయి. ఆ అంకె ప్రయోగాల వరుస మాత్రమేనని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. నా తరగతిలోనే ఒకడు, ఒక్కో భాస్కరుడికి ఒక్కో ఉపగ్రహమని రాశాడు. వాడికి నేను అరమార్కు వేశాను, ఎందుకంటే భాస్కరులు ఇద్దరున్నారని వాడికైనా తెలిసింది.

అధ్యక్షులు గడియారం వైపు చూస్తున్నారు. పత్రికలో ప్రకటించినట్లు లీలావతి సొగసు గురించి నేనేమీ మాట్లాడలేదని నాకు తెలుసు. వచ్చే ఏడు పత్రికలో ‘మహేశ్వరుని కుమారుడైన భాస్కరుడు’ అని అచ్చువేయించి పిలవండి, ఆ మాట చెప్పడానికి తప్పక వస్తాను. అప్పటివరకు, ఆ క్విజ్ జవాబుల కాగితం ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే, దానిలో 12 కొట్టివేసి 7 రాయమని మనవి. నమస్కారం.