నెల్లూరంటే చేపల పులుసేనా? నరసింహకొండ నుంచి కోటమిట్ట దాకా ఒక రోజు

అందరికీ నమస్తే. గాలి హోరు ఎక్కువగా వినపడుతోందా? ఏం చెయ్యలేం, నరసింహకొండ మీదున్నాం. పొద్దున ఆరున్నర. మైకుకి తగిలించే స్పాంజి మెట్ల దారిలో ఎక్కడో జారిపోయింది. ఇవాళంతా ఈ హోరుతోనే వినాల మీరు.

నెల్లూరు మీద వీడియో అనగానే చేపల పులుసు చట్టి చూపిస్తాడని కూర్చున్నారు కదా. చూపిస్తా, కాకపోతే మధ్యాహ్నం. ముందు ఒక మాట. నెల్లూరు చూడాలంటే నెల్లూరులో మొదలుపెట్టబాకండి. ఊరికి పడమరగా పదిహేను కిలోమీటర్ల లోపే ఉంది ఈ కొండ, ముందు ఇక్కడికి రండి. వేదగిరి అని ఇంకో పేరు. లక్ష్మీనరసింహస్వామి కొండ. సప్తర్షులు ఇక్కడ యజ్ఞం చేశారని స్థలపురాణం. పైదాకా రోడ్డుంది, మెట్లూ ఉన్నాయి. మోకాళ్లు బాగుంటే మెట్లే ఎక్కండి, ఎండ ముదరకముందు.

తమ్ముడూ, కెమెరా ఇటు తిప్పు. అదో, పెన్న. సగం ఇసక, సగం నీళ్లు. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం, కడప జిల్లాలు దాటుకుని, దగ్గర దగ్గర 600 కిలోమీటర్లు నడిచొచ్చిన ఏరు. ఇంక కాస్త దూరం పోతే ఊటుకూరు దగ్గర సముద్రం. ఆ అవతలి గట్టున గోపురం జొన్నవాడ, కామాక్షితాయి గుడి. యజ్ఞవాటిక అనే మాటే జొన్నవాడ అయిందంటారు. అక్కడికి పోయే ఆలోచనుంటే శుక్రవారం మాత్రం వద్దు, జనంలో అమ్మవారికంటే ముందువాళ్ల వీపులే ఎక్కువ కనిపిస్తాయి.

తూర్పున మసకమసగ్గా ఉండేది నెల్లూరు. ఇక్కడినుంచి చూస్తే బల్లపరుపుగా ఉంటుంది. కానీ కిందకి దిగి పేటల పేర్లు వినండి. కోటమిట్ట, దర్గామిట్ట. మిట్టంటే ఎత్తు నేల. ఏటి పక్కన ఊరు కట్టుకున్నోళ్లకి నాలుగడుగుల ఎత్తు కూడా ఆస్తే. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఆ నాలుగు రోజులూ మిట్టేదో పల్లమేదో ఎవరూ చెప్పలేకపోయారు ఊళ్లో. అందుకే ఈ రోజు నా పద్ధతి ఇది: కారు ఒక చోట పెట్టేసి, పాత పేటలు కాళ్లతో చూడ్డం. కారులో పోతే మిట్ట తెలీదు.

సరే, దిగొచ్చాం. ఇది రంగనాయకులపేట. ఎదురుగా తల్పగిరి రంగనాథస్వామి గాలిగోపురం, 70 అడుగులదాకా ఉంటుంది. పైన కలశాలు ఎండకి మెరుస్తున్నాయి చూడండి. తల్పగిరంటే పడక కొండ. ఆదిశేషుడు స్వామికి పడకగా కొండయి వెలిశాడని కథ. నేనూ చిన్నప్పుడు మొదటిసారి వస్తా, కొండెక్కాలేమో అని అమ్మని తెగ విసిగించా. ఎక్కడానికేం లేదు, గిరి పేరులోనే. లోపల అద్దాల మండపం ఉంది, పిల్లలకి అదే నచ్చుతుంది. నాకు నచ్చేది వెనక ఘాటు. గుడి గోడ దాటగానే మెట్లు, మెట్ల కింద పెన్న.

ఈ గట్టునే కూర్చుని తిక్కన భారతం రాశాడని నెల్లూరోళ్ల నమ్మకం. విరాటపర్వం మొదలుకొని ఆఖరిదాకా పదిహేను పర్వాలు, 13వ శతాబ్దం. అప్పుడు నెల్లూరు పేరు విక్రమసింహపురి, ఏలేవాడు మనుమసిద్ధి, తిక్కన ఆయన కొలువులో మంత్రి. రాజుకి గద్దె పోతే ఓరుగల్లు దాకా పోయి గణపతిదేవుడి సాయం అడిగొచ్చింది కూడా ఆయనే. రాజ్యం పనులు చూసుకుంటా పదిహేను పర్వాలు! నేను ఈ వీడియో ఎడిటింగుకే వారం తీసుకుంటా.

ఇక్కడ ఒక చేదు మాట కూడా చెప్పాల. ఇంత ఏరు పెట్టుకుని ఊరు దానికి వీపు తిప్పి కూర్చుంది. మెట్ల మీద ప్లాస్టిక్ కవర్లు, పూజ తాలూకు పాత బట్టలు. గోపురం దగ్గర ఫోటో దిగి వెనక్కి పోయేవాళ్లే ఎక్కువ. మెట్లదాకా వచ్చి ఐదు నిమిషాలు కూర్చున్నది మేమూ, ఒక ముసలాయనా, రెండు కుక్కలూ.

అక్కడినుంచి మూలాపేట. మూలస్థానేశ్వరస్వామి గుడి పేరు మీదే పేట. ముక్కంటి రెడ్డి అనే ఆయనకి నెల్లి చెట్టు కింద శివలింగం ఉందని కలొచ్చిందట. నెల్లంటే ఉసిరి, దాన్నించే నెల్లూరు. ఇంకొందరు కాదు, నెల్లంటే వడ్లు, వడ్ల ఊరు అంటారు. ఆటో అబ్బాయిని అడిగితే, "యాడన్నా, ఉసిరి చెట్టు చూపించు చూద్దాం! వడ్లే" అన్నాడు. మొలగొలుకుల వడ్లు పండిన జిల్లా కదా, వాడి వాదన వాడిది. గుడి ముందర నిలబడితే మాత్రం నాకు ఉసిరి కథే నచ్చింది.

కానీ మూలాపేటలో నన్ను ఆపేసింది ఇంకో గుడి, వేణుగోపాలస్వామి గుడి. 1946లో హరిజనులని ఈ గుడిలోకి రానియ్యాలని పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్ష చేశారు. తలుపులు తెరిపించారు. ఆంధ్రరాష్ట్రం కోసం మద్రాసులో 58 రోజులు చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలిన దీక్ష అందరికీ తెలుసు, జిల్లాకి ఆయన పేరు కూడా పెట్టుకున్నాం. ఈ దీక్ష మాత్రం ఈ వీధిలోనే సగంమందికి తెలీదు. నేను అడిగిన ముగ్గుర్లో ఒక పూలావిడకే తెలుసు. "మా నాయన చెప్పేవాడయ్యా, అంతకుముందు మేము ఈ అరుగు దాకా కూడా రాగూడదు" అనింది. కెమెరా వద్దనింది, అందుకని చూపించడంలా.

స్టోన్‌హౌస్‌పేట గురించి పెద్దగా చెప్పను. స్టోన్‌హౌస్ దొర ఇక్కడ కలెక్టరు, ఆయన పేరు నిలిచింది. హోల్‌సేల్ బజారు, లారీలు. పొద్దున పదకొండు తర్వాత నడవలేరు, వదిలెయ్యండి. ఆచారి వీధి మాత్రం తిరగండి, బంగారప్పని చేసేవాళ్ల వీధి. కొనకపోయినా ఎవరూ ఏమీ అనరు.

కోటమిట్టకొచ్చి కోటేదని వెతకబాకండి. లేదు. 1757లో ఆర్కాటు నవాబు తమ్ముడు నజీబుల్లా చేతిలో ఉన్న నెల్లూరు కోటని కర్నల్ ఫోర్డ్ అనే ఇంగ్లీషు సేనాని ముట్టడేస్తే, కోట లొంగలేదు. ఫోర్డ్ వెనక్కి పోయాడు. అంత గట్టి కోట ఇప్పుడు వీధుల కింద కలిసిపోయింది. మిగిలింది మిట్టొక్కటే. రిక్షా తొక్కుకుంటా వచ్చే ఆయన్ని చూడండి, ఈ మలుపు దగ్గర దిగి తోస్తన్నాడు. నేను పొద్దుటినించి చెప్పే ఎత్తు అదే.

భోజనం. బొమ్మిడాయిల పులుసు, అందులో మామిడికాయ ముక్క. కొరమేను కూడా ఉంది గానీ పులుసుకి నా ఓటు బొమ్మిడాయికే. పొద్దున వండింది రాత్రికి, రాత్రిది తెల్లారికి బాగుంటుందంటారు. మేం మధ్యలో తిన్నాం, అప్పుడూ బాగుంది. హోటలు పేరు చెప్పను, చెపితే డబ్బులు తీసుకున్నా అంటారు. చివర్లో మలై కాజా. తీపి ఎక్కువ, ఇద్దరు కలిసి ఒకటి తినండి.

సాయంత్రం దర్గామిట్ట. బారాషహీద్ దర్గా, పన్నెండుమంది షహీదుల, అంటే అమరవీరుల సమాధులు. పక్కనే స్వర్ణాల చెరువు. మొహర్రం నెలలో రొట్టెల పండగప్పుడు ఇక్కడ ఇసకేస్తే రాలదు. మోకాలిలోతు నీళ్లలో నిలబడి పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, పిల్లల రొట్టె, ఇంటి రొట్టె అని కేకలేసి మార్చుకుంటారు. కోరికున్నోళ్లు రొట్టె పుచ్చుకుంటారు, అది తీరితే మళ్లొచ్చి ఇంకొకరికి ఇస్తారు. ఏ మతమని అడిగేవాళ్లుండరు. మా అక్క మూడేళ్లు ఉద్యోగం రొట్టె పుచ్చుకుంది. నాలుగో ఏడు ఇవ్వడానికి వచ్చింది, పక్కనే నేను ఉద్యోగం రొట్టె పుచ్చుకున్నా. నేను ఇంకా ఇవ్వాల్సే ఉంది. ఈ ఛానలు ఉద్యోగం కిందకొస్తుందో లేదో మీరే చెప్పాల. ఇప్పుడైతే ఖాళీగా ఉంది, చల్లగా ఉంది. కూర్చోడానికి ఊళ్లో ఇంతకంటే మంచి చోటు నాకు దొరకలేదు.

రెండో రోజు ఉంటే పల్లెపాడు పోండి. 1921 ఏప్రిల్ 7న గాంధీ గారు తెరిచిన పినాకినీ సత్యాగ్రహాశ్రమం, పెన్న గట్టునే. స్థలమిచ్చింది పొణకా కనకమ్మ గారు.

బ్యాటరీ ఎర్రగీతకొచ్చింది. వచ్చే వారం ఉదయగిరి. కృష్ణదేవరాయలే ఏడాది పైగా ముట్టడేస్తే గానీ లొంగని కోట, అది మిట్ట కాదు, నికార్సయిన కొండ. ఈలోగా నరసింహకొండ మెట్ల మీద ఎవరికైనా నల్ల స్పాంజి కనిపిస్తే అది నాదే.