నడుము నొప్పికి ఏ పరుపు? విశాఖ ఉక్కపోతలో ఏది చల్లగా ఉంటుంది?

(పరుపుల షాపు. మాట్లాడే వ్యక్తి పరుపు అంచున కూర్చుని ఉంటారు)

నమస్కారమండీ. నడుము నొప్పి అనగానే ఇంట్లో పెద్దవాళ్లు "నేల మీద పడుకో, తగ్గిపోతుంది" అంటారు. ప్రేమతో చెప్పే మాటే, కానీ అందరికీ పనిచేయదు. స్పెయిన్‌లో చాలాకాలంగా నడుము నొప్పితో ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపు, మిగతావాళ్లకి ఓ మోస్తరు గట్టిది ఇచ్చి 90 రోజులు చూశారు. 2003లో ఫలితాలు వచ్చాయి. ఓ మోస్తరు గట్టి పరుపువాళ్లకే నొప్పి బాగా తగ్గింది.

మరీ గట్టి పరుపు మీద బరువంతా భుజాలు, తుంటి మీదే పడుతుంది, నడుముకి ఆసరా ఉండదు. మరీ మెత్తదైతే తుంటి దిగబడి వెన్ను ఉయ్యాలలా వంగిపోతుంది.

(పడుకుని చూపిస్తూ)

షాపులో అరచేత్తో నొక్కి చూసి కొనేయకండి. వెల్లకిలా పడుకుని నడుము కింద చెయ్యి దూర్చండి. ఇట్టే అటువైపు వచ్చేసిందా, అది మీకు గట్టి. అసలు దూరడం లేదా, మెత్తన. కాస్త బిగుతుగా వెళ్తే సరిపోయినట్టే. తర్వాత రోజూ ఎలా పడుకుంటారో అలాగే పది, పదిహేను నిమిషాలు పడుకోండి. సేల్స్ అబ్బాయి చూస్తున్నాడని మొహమాటపడొద్దు. పక్కకి తిరిగి పడుకునేవాళ్లు ఇంకాస్త మెత్తది తీసుకోవచ్చు.

ఒక్క మాట. నొప్పి కాలిలోకి పాకి తిమ్మిరెక్కుతుంటే డాక్టరుకి చూపించండి. కాలు పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక చల్లదనం. మన దగ్గర ఎండ కన్నా సముద్రపు తేమతోనే బాధ. చెమట ఆరదు. కాబట్టి పరుపులో గాలి ఆడాలి. మెమరీ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడి చుట్టూ అంటుకుపోతుంది, రాత్రంతా ఏసీ వేసుకునేవాళ్లకైతే ఫర్వాలేదు. జెల్ పొర పడుకోగానే చల్లగా అనిపిస్తుంది, కాసేపటికి మన వేడే దానికీ పడుతుంది. నన్నడిగితే సన్న రంధ్రాలున్న లేటెక్స్, అంటే రబ్బరు నురుగు పరుపు, లేదంటే ఒక్కో స్ప్రింగు విడిగా గుడ్డ సంచిలో ఉండే పాకెట్ స్ప్రింగ్. బడ్జెట్ తక్కువైతే రబ్బరైజ్డ్ కొబ్బరిపీచు పరుపు మీద పలచటి లేటెక్స్ పొర వేసుకోండి. బూరుగు దూది పరుపు చల్లగానే ఉంటుంది, కానీ గడ్డలు కట్టి మధ్యలో గుంత పడుతుంది. నొప్పి ఉన్నవాళ్లకి అదే చేటు.

(ప్లాస్టిక్ కవరు చింపుతూ)

పాడవుతుందని చాలామంది ఈ కవరు ఏళ్ల తరబడి తియ్యరు. దయచేసి తీసేయండి! ఎంత ఖరీదైన పరుపైనా దీనివల్ల వేడెక్కిపోతుంది. పైన నూలు దుప్పటి చాలు. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు ఇళ్లలో, అందులోనూ కింద సామాన్ల పెట్టె ఉండే బాక్స్ మంచాల మీద, పరుపు అడుగున తేమ చేరి బూజు పడుతుంది. వారానికోసారి గోడకి నిలబెట్టి ఫ్యాన్ వెయ్యండి.

డబ్బు కట్టే ముందు రెండు సంగతులు అడగండి. నప్పకపోతే ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారు? ఎంత లోతు గుంత పడితే వారంటీ కింద మారుస్తారు? రెండూ బిల్లు మీద రాయించుకోండి.