బరోలో: పలచటి రంగు, గట్టి వగరు

[తెర మీద: అచ్చు కాగితం మీదకి వంచి పట్టుకున్న వైన్ గ్లాసు]

వైన్ అడుగున ఉన్న అక్షరాలు కనిపిస్తున్నాయి చూశారా? రెడ్ వైన్ అనగానే మనకి ముదురు రంగే గుర్తొస్తుంది. ఇదేమో పలచటి ఎరుపు, అంచుల్లో ఇటుక రంగు. తేలికపాటి వైన్ అనుకుని తాగితే మొదటి గుక్కకే సంగతి తెలుస్తుంది. నేరేడు పళ్లు తిన్నాక నాలుక పట్టేసినట్టు, చిగుళ్ల దాకా వగరు ఎక్కుతుంది. ఆ వెంటే నోరూరించే పులుపు. వాసన చూస్తే గులాబీ రేకులు, వాటితో పాటే తారు. అవును, రోడ్డుకి వేసే తారే!

ఇది బరోలో. ఇటలీకి వాయవ్యాన ఉన్న పియెమోంటే ప్రాంతంలో, ఆల్బా పట్టణం పక్కనున్న లాంగే కొండల్లో తయారవుతుంది. మొత్తం 11 ఊళ్ల పరిధిలో పండిన ద్రాక్షతో చేస్తేనే ఆ పేరు. ద్రాక్ష కూడా ఒక్కటే రకం, నెబ్బియోలో. ఇంకో రకం ఒక్క చుక్క కలపకూడదు.

నెబ్బియోలో తొక్కలో రంగు త్వరగా వెలిసిపోయే రకం. వగరునిచ్చే టానిన్లు మాత్రం తొక్కలోనూ గింజలోనూ దండిగా ఉంటాయి. అందుకే చూపుకి అలా, నోటికి ఇలా. పైగా రైతుని బాగా టెన్షన్ పెట్టే తీగ ఇది. ముందే చిగురిస్తుంది కాబట్టి వసంతంలో మంచు దెబ్బ భయం. పండేదేమో చివర్లో, చాలాసార్లు అక్టోబర్లో, లోయల్లో పొగమంచు దిగే రోజుల్లో. ఎండ బాగా తగిలే వాలు లేకపోతే కాయ పండదు. ఉత్తరానికి తిరిగిన వాలు మీద పండిస్తే బరోలో అనడానికి నిబంధనలే ఒప్పుకోవు.

[తెర మీద: లాంగే కొండల మ్యాప్, ఆల్బా నుంచి బరోలో ఊరికి వెళ్లే రోడ్డు]

నన్ను బాగా ఆకట్టుకున్నది ఇక్కడి మట్టి. ఈ రోడ్డుకి పడమర లా మోర్రా ఊరుంది. అటువైపు నీలం కలిసిన బూడిద రంగు సున్నపు మట్టి. ఆ వైన్‌కి సువాసన ఎక్కువ, వగరు కాస్త త్వరగా మెత్తబడుతుంది. తూర్పున సెర్రలుంగా, మోన్‌ఫోర్తె ఊళ్లు. అక్కడి నేల ఇంకా పాతది, ఇసుకరాయి ఎక్కువ, సారం తక్కువ. ఆ వైన్ బిగుసుకుని ఉంటుంది, ఏళ్ల తరబడి ఆగితే గానీ లొంగదు. ఇదేమీ గీత గీసినట్టు ఉండదు. బరోలో ఊరి కన్నూబి కొండ మీద రెండు రకాల నేలలూ కలుస్తాయి. అక్కడి తోటలకి అంత పేరు రావడానికి అదో కారణం.

పంట కోసిన ఏడాది నవంబర్ 1 నుంచి లెక్కేసి 38 నెలలు నిల్వ ఉంచాలి. అందులో 18 నెలలు చెక్క పీపాల్లోనే. ఇంకా ఎక్కువ కాలం నిల్వ ఉంచే ‘రిజర్వా’ రకం అయితే 62 నెలలు.

ఆ పీపాల మీదే 1980ల్లో పెద్ద గొడవ నడిచింది. పాతవాళ్లవి తరాలుగా వాడిన పెద్ద పీపాలు. కుర్రవాళ్లు ఫ్రాన్స్ పద్ధతిలో చిన్న కొత్త పీపాలు కావాలన్నారు. 1983లో ఎలియో అల్తారే అనే కుర్ర వైన్ తయారీదారు చైన్ రంపంతో తండ్రి పీపాలను కోసేశాడు, తండ్రి అతనికి ఆస్తి ఇవ్వలేదు. ఇంకోవైపు పాత పద్ధతి వదలని తయారీదారు బార్తోలో మస్కరెల్లో చిన్న పీపాలు వద్దంటూ సీసా లేబుల్ మీదే తన చేత్తో రాశాడు. ఇప్పుడు చాలామంది రెండిటికీ మధ్యలో ఉన్నారు. నా ఓటు పెద్ద పీపాలకే. కొత్త చెక్క నుంచి వచ్చే వెనీలా వాసన ఆ గులాబీని మింగేస్తుంది.

కొనేటప్పుడు లేబుల్ మీద బరోలోతో పాటు ఊరి పేరు కూడా ఉందేమో చూడండి. లా మోర్రా అని ఉంటే కాస్త ముందే తెరవొచ్చు. సెర్రలుంగా అయితే, పంట ఏడాది నుంచి కనీసం పదేళ్లు ఆగడం మంచిది. అంత ఓపిక లేకపోతే తాగే ముందు రెండు గంటలు డికాంటర్‌లో, అంటే వైన్‌కి గాలి తగిలేలా చేసే వెడల్పాటి గాజు కూజాలో, పోసి ఉంచండి. పక్కన మాంసం ఉండి తీరాలి. పియెమోంటేలో గొడ్డు మాంసాన్ని ఈ వైన్‌లోనే నానబెట్టి, సన్నటి సెగ మీద గంటల కొద్దీ ఉడికిస్తారు. ఆ కొవ్వు తగిలితే వగరు పదును సగం తగ్గుతుంది.