బిల్లులు పారేయకండి, తొందరపడి సంతకం పెట్టకండి

అందరికీ నమస్కారమండి. మా చిన్నాన్న తాపీమేస్త్రీ. పని దిగి సైకిల్ మీద ఇంటికొస్తుంటే వెనక నుంచి కారు గుద్దింది, కుడి మోకాలు నుజ్జయిపోయింది. ఆపరేషన్ అయిన మర్నాడే కారు ఓనర్ తరఫు మనుషులు మంచం దగ్గరికొచ్చి, ఖర్చులకి ఈ ఇరవై వేలు ఉంచండి, ఇక్కడో సంతకం పెట్టండి అని స్టాంపు పేపర్ తీశారు. మత్తే పూర్తిగా దిగలేదు, అందులో ఏం రాసుందో చదివే ఓపిక ఆయనకెక్కడిది? మా పిన్ని అడ్డం పడి, మావాళ్లు వచ్చాక చూద్దాం లెండి అని పంపించేసింది.

కారుకి ఇన్సూరెన్స్ ఉంటే మామూలుగా పరిహారం కట్టేది ఆ కంపెనీయేనండి. కేసు వేసేది మోటార్ యాక్సిడెంట్స్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో, మన కోర్టుల్లో ఆ కేసునే ఎంవీఓపీ అంటారు, యాక్సిడెంట్ ఎక్కడో హైవే మీద అయినా సరే మీరుండే చోట ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. గడువు మాత్రం గుర్తుపెట్టుకోండి, 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రూల్ ప్రకారం యాక్సిడెంట్ అయిన రోజు నుంచి ఆరు నెలల్లోపు వెయ్యాలి, కట్టు విప్పి కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసేసరికే సగం అయిపోతుంది.

ఎఫ్ఐఆర్ కాపీ, ఊండ్ సర్టిఫికెట్ (తగిలిన గాయాల గురించి డాక్టర్ రాసిచ్చే కాయితం), డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రేలు అన్నీ ఒకే కవర్లో పెట్టుకోండి. మందుల షాపు బిల్లులుంటాయి చూశారా, ఆ నున్నటి కాయితం మీదవి, అవి కొన్నాళ్లకి వెలిసిపోయి తెల్లకాయితం అయిపోతాయి, మావి సగం అలాగే పోయాయి, ఏ రోజు బిల్లు ఆ రోజే జిరాక్స్ తీయించండి.

ఇంకొకటి, వచ్చినదాంట్లో ఇంత శాతం నాది అని లాయర్ అడిగితే ఒప్పుకోకండి, బార్ కౌన్సిల్ రూల్స్ దానికి ఒప్పుకోవు. ఫీజు ఇచ్చుకోలేకపోతే జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీకి వెళ్లండి, సాధారణంగా కోర్టు ఆవరణలోనే ఉంటుంది, ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, ఆదాయం తక్కువున్నవాళ్లకి లాయర్‌ని ఉచితంగా ఇస్తారు, ఫోన్ నంబర్ 15100. గుద్దిన బండి దొరక్కపోయినా ఊరుకోవద్దు, గుద్ది పారిపోయిన కేసుల్లో పెద్ద గాయాలకి 50 వేలు, ప్రాణం పోతే 2 లక్షలు ఇచ్చే స్కీమ్ వేరే ఉంది.

అసలు మాకు బాగా అక్కరకొచ్చింది 2010లో సుప్రీంకోర్టు రాజ్‌కుమార్ కేసులో చెప్పిన మాట. డాక్టర్ రాసిన వైకల్యం శాతం ఒక్కటే చూస్తే చాలదు, ఆ దెబ్బతో ఆ మనిషి తన పని చేసుకోగలడా లేదా అన్నది చూడాలి. ఎడమ చెయ్యి పోతే ఆఫీసు గుమాస్తా ఉద్యోగం నిలవొచ్చు, వడ్రంగికి మొత్తం బతుకుతెరువే పోతుంది కదండీ. చిన్నాన్న సర్టిఫికెట్లో ఉన్నది నలభై శాతమే, కానీ గొంతుక్కూర్చోలేని మేస్త్రీని టైల్స్ పనికి ఎవరు పిలుస్తారు? అందుకే లాయర్ గారు ఆయన పాత కూలి లెక్కల పుస్తకం, చెమటకి అట్ట ఊడిపోయినది, కోర్టులో దాఖలు చేశారు, మొన్న వాయిదాకి ఆయన్ని పనికి పిలిచే కాంట్రాక్టరే వచ్చి, రోజుకి ఇంత ఇచ్చేవాణ్ణండి, ఇప్పుడు పిలవలేకపోతున్నానండి అని సాక్ష్యం చెప్పాడు.