విజిల్‌తో తగాదా, బంతితో స్నేహం: రషీద్ వాలెస్‌పై చర్చ

(మిషిగన్‌లోని ఒక తెలుగు ఆన్‌లైన్ రేడియో స్టూడియోలో జరిగిన చర్చకు అక్షర రూపం. పాల్గొన్నవారు: ఒకప్పుడు పోర్ట్‌లండ్‌లో చిప్‌ల కంపెనీలో పనిచేసిన ఇంజనీరు, డెట్రాయిట్ శివార్లలో స్థిరపడిన డాక్టరు, గుంటూరు జిల్లాలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ కాలేజీ పోటీలకు రిఫరీగా వ్యవహరించి, ఇప్పుడు కూతురి దగ్గరకు వచ్చి ఉన్న మాస్టారు.)

సంధానకర్త: అందరికీ నమస్కారం. ఒక్క సీజన్‌లో 41 టెక్నికల్ ఫౌల్స్. 2000-01లో పోర్ట్‌లండ్ ట్రెయిల్ బ్లేజర్స్‌కు ఆడుతూ రషీద్ వాలెస్ మూటగట్టుకున్న ఈ రికార్డును అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఇప్పటిదాకా ఎవరూ అందుకోలేదు. అంతకు ముందు సీజన్‌లో ఆయనవే 38. మాస్టారూ, ఈ ఆట అంతగా చూడని శ్రోతల కోసం టెక్నికల్ ఫౌల్ అంటే ఏమిటో మీరే చెప్పాలి.

మాస్టారు: బంతి కోసం పెనుగులాడుతూ చేతి మీద కొడితే, తోస్తే, అది మామూలు ఫౌల్. టెక్నికల్ చాలావరకు నోటితో తెచ్చుకునేది. రిఫరీ మీద అరవడం, వెటకారంగా చప్పట్లు కొట్టడం, బంతిని నేలకేసి బాదడం, ఇలాంటివి. ఒక్కోదానికి ఎదుటి జట్టుకు ఒక ఫ్రీ త్రో, అంటే ఎవరూ అడ్డుకోకుండా రింగులోకి బంతి వేసే అవకాశం దక్కుతుంది. ఒకే మ్యాచ్‌లో రెండు తెచ్చుకుంటే ఇక బయటికే.

సంధానకర్త: జరిమానా కూడా ఉంటుంది కదండీ?

మాస్టారు: ఆ జీతాలకు జరిమానా ఒక లెక్కా? జట్టు ఊరికే పోగొట్టుకునే పాయింటు చూడండి. 41 ఫ్రీ త్రోలంటే 41 సార్లు ఎదుటివాడికి మనమే చేతిలో పెట్టినట్టు.

ఇంజనీరు: పాయింట్ల మాటే వస్తే, పోర్ట్‌లండ్ గుండెల్లో ఇంకో లెక్క ఉంది మాస్టారూ. 2000 జూన్ 4, పశ్చిమ విభాగం ఫైనల్, లాస్ ఏంజెలెస్‌లో లేకర్స్‌తో ఏడో మ్యాచ్. చివరి క్వార్టర్‌లో మేం 15 పాయింట్లు ముందున్నాం. ‘మేం’ అనేస్తున్నాను, ఇన్నేళ్ళయినా అలవాటు పోలేదు. అక్కడి నుంచి వరసగా 13 షాట్లు తప్పాయి. 89-84తో ఓడిపోయాం. కోబీ బ్రయంట్ గాల్లోకి విసరగా షకీల్ ఓనీల్ అందుకుని రింగులోకి కుక్కిన ఆ బంతినే ఇప్పటికీ టీవీలో చూపిస్తారు. అదే మ్యాచ్‌లో రషీద్ 30 పాయింట్లు చేశాడని ఎవరైనా చెబుతారా? ఆ ఓటమి అతనిలో ఏదో రగిలించి వదిలేసింది. ఆ తరువాతి సీజన్‌లోనే కదా 41.

డాక్టరు: ముందు సీజన్‌లో 38 ఉన్నాయి కదండీ! ఓటమి మీదకు నెట్టేస్తే ఎలా? ఓడకముందు కూడా మనిషి అంతే.

ఇంజనీరు: సరే, ఒప్పుకున్నాను. అయినా మూడు ఎక్కువే.

(నవ్వులు)

సంధానకర్త: ఆట ఎలా ఉండేదో చెప్పండి డాక్టరు గారూ. కోపం కథలే అందరూ చెబుతారు.

డాక్టరు: కోర్టులో ఎడమ వైపు, రింగుకు వీపు పెట్టి నిలబడేవాడు. తల వెనక చిన్న తెల్లమచ్చ, ఎత్తు మడమల తెల్ల బూట్లు, వాటి వెనక కట్టకుండా వేలాడే పట్టీ. బంతి అందగానే ఒక భుజం అటు ఆడించి, రెండో వైపు తిరిగి, వెనక్కి వాలుతూ వదిలేవాడు. 211 సెంటీమీటర్ల మనిషి, చేతులు పూర్తిగా పైకి చాచి నెత్తికి పైన వదులుతాడు. అడ్డం వచ్చినవాడు ఎంత ఎగిరినా బంతి దాకా చెయ్యి వెళ్ళేది కాదు. ఇంత పొడుగువాళ్ళు ఆ రోజుల్లో రింగు కిందే తచ్చాడేవారు. ఇతను బయటికి వచ్చి మూడు పాయింట్ల గీత వెనక నుంచి కొట్టేవాడు. ఇప్పుడు ప్రతి జట్టూ వెతుక్కుంటున్నది ఇలాంటి ఆటగాడినే.

మాస్టారు: నాకు నచ్చింది అతని డిఫెన్స్. రికార్డింగులు చూస్తుంటే నోరు ఒక్క క్షణం ఆగదు. ఎదుటి జట్టు ఏ ఎత్తు వేయబోతోందో ముందే పసిగట్టి, ఎవరు ఎక్కడ నిలబడాలో తన వాళ్ళకు అరిచి చెబుతుంటాడు. రిఫరీ మీద అరిచే నోరే అది. అంత దగ్గరగా ఆటను చదివేవాడికి తప్పు విజిల్ వినబడితే ఊరుకోబుద్ధి కాదు. నేను విజిల్ ఊదినవాడినే అయినా ఆ మాట ఒప్పుకుంటాను.

సంధానకర్త: అయితే డొనాఘీ సంగతికి వద్దాం.

ఇంజనీరు: అప్పుడు నేను అక్కడే ఉన్నాను. 2003 జనవరి, పోర్ట్‌లండ్‌లో మెంఫిస్‌తో మ్యాచ్. రిఫరీల్లో ఒకరు టిమ్ డొనాఘీ, రషీద్‌కు టెక్నికల్ ఇచ్చాడు. మ్యాచ్ అయ్యాక స్టేడియం వెనక సామాను దించే చోట రషీద్ అతన్ని బెదిరించాడని లీగ్ తేల్చింది. ఏడు మ్యాచ్‌ల నిషేధం, వాటికి జీతం కూడా కట్. అసలే మా జట్టును పత్రికలు ‘జైల్ బ్లేజర్స్’ అని ఎగతాళి చేస్తున్న రోజులు, ఇది దొరికింది. నాలుగేళ్ళు తిరిగేసరికి ఏమైంది? 2007లో అదే డొనాఘీ బెట్టింగ్ కుంభకోణంలో దొరికిపోయి నేరం ఒప్పుకున్నాడు. 2008లో 15 నెలల జైలు శిక్ష పడింది. ఆ వార్త వచ్చిన రోజు పోర్ట్‌లండ్ మిత్రులంతా ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం.

మాస్టారు: అందుకని రషీద్ చేసింది ఒప్పయిపోతుందా?

ఇంజనీరు: ఒప్పని అనడం లేదు మాస్టారూ...

మాస్టారు: అంటున్నారండీ, గొంతులోనే తెలుస్తోంది. ఆ రిఫరీ తరువాత ఏమయ్యాడన్నది వేరే సంగతి. 2003లో రషీద్‌కు ఆ పందేల సంగతి తెలుసా? తెలియదు. తనకు విజిల్ నచ్చలేదు, అంతే. మ్యాచ్ అయిపోయాక స్టేడియం వెనక ఒక ఏడడుగుల మనిషి మీదికి వస్తే ఏ రిఫరీకైనా కాళ్ళు వణుకుతాయి. ఆ ఏడు మ్యాచ్‌లు న్యాయమైనవే.

డాక్టరు: మాస్టారితో నేనూ ఏకీభవిస్తాను. కానీ డొనాఘీ పేరు రాగానే అభిమానులకు రషీద్ ఎందుకు గుర్తొస్తాడంటే, అతను మొహమాటం లేకుండా అరిచేవాడు. మిగతావాళ్ళు గొణుక్కుని ఊరుకునేవారు.

సంధానకర్త: ఇక డెట్రాయిట్. మీ ముఖం ఇప్పుడే వెలిగింది డాక్టరు గారూ!

డాక్టరు: వెలగదా మరి! 2004 ఫిబ్రవరిలో పోర్ట్‌లండ్ అతన్ని అట్లాంటాకు పంపేసింది. అక్కడ ఆడింది ఒకే ఒక్క మ్యాచ్, చేసింది 20 పాయింట్లు. మర్నాడే డెట్రాయిట్ పిస్టన్స్ తీసుకుంది. మార్చిలో వరసగా ఐదు జట్లను 70 పాయింట్ల లోపు కట్టడి చేశాం. పోర్ట్‌లండ్‌లో 19 దాకా ఉన్న అతని సగటు మా దగ్గర 14 దరిదాపులకు దిగింది. ఒక్క రోజు సణగలేదు. రిఫరీల మీద అంతెత్తున లేచే మనిషి, బంతి తనకు ఇవ్వలేదని సహచరుడి మీద లేచిన సందర్భం నేను చూడలేదు.

ఇంజనీరు: ఇండియానాతో ఆ సవాలు సంగతి చెప్పండి.

డాక్టరు: తూర్పు విభాగం ఫైనల్ మొదటి మ్యాచ్ ఓడిపోయాం. విలేఖరుల ముందు రషీద్, ‘రెండోది మాదే, రాసిపెట్టుకోండి’ అన్న ధోరణిలో హామీ ఇచ్చేశాడు. ఆ మ్యాచ్‌లో అతని షాట్లు పడనే లేదు, అది వేరే విషయం. చివర్లో ఇండియానా ఆటగాడు రెజీ మిల్లర్ ఒంటరిగా రింగు దాకా వెళ్ళిపోతే, వెనక నుంచి మా టేషాన్ ప్రిన్స్ పరిగెత్తుకుని వచ్చి ఆ బంతిని కొట్టేశాడు. 72-67తో గెలిచాం. మాట ఇచ్చింది ఒకరు, నిలబెట్టింది ఇంకొకరు! ఫైనల్లో షకీల్, కోబీ, కార్ల్ మలోన్, గ్యారీ పేటన్ ఉన్న లేకర్స్‌ను 4-1తో ఓడించాం. నాలుగో మ్యాచ్‌లో రషీద్‌వి 26 పాయింట్లు, 13 రీబౌండ్లు, అంటే తప్పిన షాట్ల నుంచి అందుకున్న బంతులు. ఆ తరువాత కుస్తీ ఛాంపియన్లు పెట్టుకునే బెల్టుల లాంటివి సొంత ఖర్చుతో చేయించి జట్టులో అందరికీ పంచాడు.

ఇంజనీరు: 2005 మాట మాత్రం ఎత్తరు.

డాక్టరు: ఎత్తుతాను, భయమా? శాన్ ఆంటోనియోతో ఫైనల్ ఐదో మ్యాచ్, అదనపు సమయం, రెండు పాయింట్లు ముందున్నాం. బంతి లోపలికి వేసిన వాళ్ళ ఆటగాడు రాబర్ట్ హోరీని వదిలేసి, మూలన ఉన్న జినోబిలీ మీదికి రషీద్ పరిగెత్తాడు. జినోబిలీ తిరిగి హోరీకి ఇచ్చాడు. మూడు పాయింట్లు. 96-95. ఆట అంత బాగా చదివే మనిషి ఆ ఒక్క పేజీ ఎలా దాటేశాడో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. టెక్నికల్స్ అన్నీ క్షమించాను, అది మాత్రం క్షమించలేదు.

సంధానకర్త: విలేఖరులతో కూడా తగాదాలేనా?

ఇంజనీరు: తగాదా కాదు, విసుగు. 2003 ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివరి నాకౌట్ దశలో, డల్లాస్‌తో మ్యాచ్ అయ్యాక ఏ ప్రశ్న అడిగినా ఒకటే జవాబు: ‘రెండు జట్లూ గట్టిగా ఆడాయి’. మాట్లాడినట్టూ ఉండాలి, చెప్పినట్టూ ఉండకూడదు. పోర్ట్‌లండ్‌లో పెళ్ళిళ్ళలో కూడా ఆ మాట వాడుకున్నాం, వియ్యంకుల మధ్య కట్నకానుకల చర్చ ముగిశాక!

(నవ్వులు)

సంధానకర్త: అన్నిటికంటే ఎక్కువ మందికి తెలిసింది ‘బంతి అబద్ధమాడదు’ అన్న అతని కేక.

డాక్టరు: తప్పు ఫౌల్ ఇచ్చారని అతనికి అనిపించాలి, ఎదుటివాడు ఆ ఫ్రీ త్రో తప్పాలి, అప్పుడు స్టేడియం మారుమోగేలా ఆ కేక. 2012 డిసెంబరులో న్యూయార్క్ నిక్స్‌కు ఆడుతున్నప్పుడు ఫీనిక్స్‌తో మ్యాచ్‌లో ఒక టెక్నికల్ తెచ్చుకున్నాడు. గొరాన్ డ్రాగిచ్ ఫ్రీ త్రో వేశాడు, తప్పింది. రషీద్ కేక వేశాడు. దానికి రెండో టెక్నికల్. కోర్టులో ఉన్నది మొత్తం 85 సెకన్లు. అప్పటికి అతనికి 38 ఏళ్ళు.

సంధానకర్త: మాస్టారూ, ఆ రోజు విజిల్ మీ చేతిలో ఉంటే?

మాస్టారు: మొదటిది ఇచ్చేవాడిని.

ఇంజనీరు: రెండోది వద్దు మాస్టారూ! బంతి లోపలికి పడలేదు కదా, అతను అన్నదాంట్లో అబద్ధమేముంది?

మాస్టారు: పడలేదు. అతను అన్నది నిజమే. అయినా ఇచ్చేవాడిని.

డాక్టరు: చూశారా, ఇలాంటి రిఫరీలు ఉండబట్టే 41 అయ్యాయి!

మాస్టారు: నేను ఉండి ఉంటే 50 దాటేవమ్మా.