తక్కువ పవర్, నిఖార్సైన గురి: 4.5 మిల్లీమీటర్ల మ్యాచ్ పెల్లెట్ల రివ్యూ

నమస్కారం అండీ, చెన్నై నుంచి మాట్లాడుతున్నాను. పెద్ద బోర్ (గొట్టం రంధ్రం పెద్దగా ఉండే) రైఫిళ్ళకి తుపాకీమందు తగ్గించి తూటాలు సొంతంగా నింపుకోవడం గురించి చాలామంది అడిగారు. ముందు దానికి జవాబు చెప్పేస్తాను. ఆయుధాల చట్టం, 1959, సెక్షన్ 5 ప్రకారం తూటాల తయారీకి విడిగా లైసెన్సు ఉండాలి. చేతిలో రైఫిల్ లైసెన్సు ఉంటే చాలదు. పైగా మందు తగ్గితే ప్రమాదం తగ్గుతుందన్న నమ్మకం తప్పు. గుండు బ్యారెల్ మధ్యలో ఇరుక్కుపోవచ్చు. అది చూసుకోకుండా ఇంకోటి పేలిస్తే బ్యారెల్ పగులుతుంది. దయచేసి ఆ పని జోలికి వెళ్ళకండి.

అసలు మందు ఎందుకు తగ్గిస్తారు? భుజానికి తగిలే తన్ను తగ్గించడానికి. 1956లో వచ్చిన .458 విన్చెస్టర్ మ్యాగ్నమ్ అనే పెద్ద రైఫిల్ తూటాలోని గుండు 6,000 జౌల్స్ పైన శక్తితో బయటికొస్తుంది. కొత్తవాళ్ళు ట్రిగ్గర్ నొక్కకముందే కళ్ళు మూసేస్తారు. ఆ బెదురు పోవాలంటే 10 మీటర్ల పోటీల్లో వాడే, గాలి ఒత్తిడితో పేలే ఎయిర్ రైఫిల్ ఉంది కదా! దాని శక్తి 7.5 జౌల్స్ దగ్గర్లో ఉంటుంది. ఊపిరి, గురి, ట్రిగ్గర్, మూడూ దానిమీదే కుదురుతాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఇదే పోటీలో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ పుట్టింది ఇక్కడే చెన్నైలో, పెరిగింది హైదరాబాదులో.

ఇక ఈ ఎయిర్ రైఫిల్‌లో వేసే పెల్లెట్ల, అంటే చిన్న సీసపు గుండ్ల, డబ్బాలు చూద్దాం. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10 మ్యాచ్, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, రెండూ రైఫిల్‌కి వాడే బరువువే, ఒక్కో పెల్లెట్ 0.53 గ్రాములు. పక్కన పేరు లేని చవక రకం ఒకటి. ఈ చవకవాటి అంచులు చూడండి, నొక్కుకుపోయి ఉన్నాయి. బొటనవేలితో లోపలికి తోస్తుంటే ఒకటి వదులు, ఒకటి బిగుతు. టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, పెన్సిల్ మొన ఆనించినంత. దానికి ఇలాంటి పెల్లెట్ పనికిరాదు. మ్యాచ్ పెల్లెట్ల తల చదునుగా ఉంటుంది కాబట్టి కాగితం చిరగకుండా గుండ్రంగా తెగుతుంది, పాయింట్లు లెక్కపెట్టడం తేలిక.

నా రైఫిల్‌కి ఫినాలే మ్యాచ్, తల సైజు 4.50 మిల్లీమీటర్లది, బాగా నప్పింది. చిల్లులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఆర్10 దానికి వెంట్రుకవాసి వెనక. మీ బ్యారెల్‌కి ఇది తారుమారు కావచ్చు, అందుకే నా మాట పట్టుకుని కొనేయకండి.

మన సముద్రపు గాలికి సీసం మీద తెల్లటి పొడి పడుతుంది. మూత గట్టిగా పెట్టండి, పొడి పట్టినవి వాడకండి, కాల్చాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి. మొట్టమాడి (మేడ పైకప్పు) మీద కాల్చడం మాత్రం వద్దే వద్దు, చుట్టూ ఇళ్ళు. రేంజికి వెళ్ళండి.

ముందు 4.49, 4.50 సైజుల్లో ఒక్కో డబ్బా తీసుకోండి. నప్పింది తేలాక, డబ్బా మీద లాట్ నంబరు (ఒకే విడతలో తయారైనవాటి గుర్తు) చూసి అదే లాట్‌లోవి ఇంకొన్ని తెచ్చుకోండి.