కత్తెర లేనిదే తెరుచుకోని కాయిన్ సెల్స్ ప్యాక్: నాకు నచ్చిందీ, చిరాకు తెప్పించిందీ

అందరికీ నమస్కారం. స్క్రీన్ మీద కనిపిస్తున్న ఈ సీఆర్2032 (నాణెంలా గుండ్రంగా, పల్చగా ఉండే బ్యాటరీ) ప్యాక్‌ని కంపెనీ వాళ్లే ఫ్రీగా పంపారు. డబ్బులివ్వలేదు, ఈ వీడియో ముందుగా చూడనూ లేదు. 3 వోల్టులు, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం... అవన్నీ మీరు ఇప్పటికే చూసుంటారు.

నేను మాట్లాడాలనుకుంటున్నది ప్యాకింగ్ గురించి. చూడండి, గట్టిగానే లాగుతున్నా. ఊహూఁ, రావట్లేదు. కత్తెర తెచ్చుకోవాల్సిందే. చాలామంది తిట్టుకునేది దీన్నే అని తెలుసు. నాకు మాత్రం అన్నిటికన్నా నచ్చింది ఇదే! ఇంతకు ముందు వాడిన ప్యాక్‌లో వెనక బొటనవేలితో నొక్కితే చాలు, స్ట్రిప్‌లోంచి మాత్ర వచ్చినట్టు సెల్ ఊడి కింద పడేది. ఇంట్లో దొరికిందల్లా నోట్లో పెట్టుకునే పిల్లలుంటే ఎంత టెన్షనో మీకు తెలుసు.

చిన్నపిల్లల అన్నవాహికలో ఇరుక్కుపోయే సైజు ఇది. అక్కడి తడికి కరెంటు పారడం మొదలై, నెగటివ్ వైపు ఘాటైన క్షారం పుడుతుంది. లోపల తీవ్రంగా కాలిపోవడానికి రెండు గంటలు చాలు. సెల్ లీకవ్వక్కర్లేదు. అయిపోయిందని పక్కన పడేసిన సెల్‌తోనూ ఇదే ప్రమాదం. వస్తువుని నడపలేకపోయినా, గాయం చేసేంత వోల్టేజి అందులో మిగిలే ఉంటుంది. మింగారని అనుమానం వచ్చినా సరే, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించండి. వాంతి చేయించకండి. బిడ్డకి ఏడాది దాటి, మింగి 12 గంటలు కాకుండా ఉండి, తేనె చేతిలో ఉంటే, దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్లు ఇవ్వొచ్చు, ఆరుసార్లకు మించకుండా. తేనె వెతుకుతూ ఆలస్యం మాత్రం చేయొద్దు.

అసలు ఇంకా చిరాకేంటంటే, సెల్ ప్యాక్‌కి ఇంత జాగ్రత్త తీసుకుంటే, వాటితో నడిచే వస్తువులు చేసేవాళ్లు కొందరు మూతకి ఒక్క స్క్రూ కూడా పెట్టరు. నా దగ్గర ఒక ఎల్ఈడీ క్యాండిల్ ఉండేది. టేబుల్ మీంచి పడితే చాలు, మూత ఓ దిక్కు, సెల్ ఓ దిక్కు. తీసి అవతల పడేశా.

సరే, చేదు పూతకి వద్దాం. సెల్ నెగటివ్ వైపు డెనటోనియం బెంజోయేట్ అనే విపరీతమైన చేదు పదార్థం రాశారు. వేలితో రుద్ది నాలుకకి తాకించి చూశా, నోరు కడుక్కున్నా ఆ చేదు వదల్లేదు. పిల్లలు ఉమ్మేస్తారనే ఆశతో పెట్టింది ఇది, మింగకుండా ఆపేస్తుందన్న గ్యారంటీ లేదు. గొడవ ఎక్కడంటే, ఆ పూత కరెంటుకి అడ్డం. వేయింగ్ మెషిన్‌లో సెల్ హాయిగా పనిచేసింది. కారు రిమోట్ కీలో పెడితే చలనం లేదు! దాని కాంటాక్ట్ సరిగ్గా పూత మీదే కూర్చుంటోంది. ఇలాంటి సెల్స్ కొన్ని తన ఎయిర్‌ట్యాగ్‌లో (పోయిన వస్తువుల జాడ చెప్పే బిళ్ల) పనిచేయకపోవచ్చని ఆపిల్ కూడా చెబుతుంది. స్పిరిట్‌తో తుడిచేయమంటారు కొందరు. తుడిచేస్తే ఇంక పూత ఎందుకండీ?

బ్యాకప్, అంటే ఎన్నాళ్లొస్తుందని అడిగేవాళ్లకి ఒక్క మాట. మల్టీమీటర్‌లో 3 వోల్టులు కనిపించిందని మురిసిపోకండి. ఈ లిథియం సెల్ వోల్టేజి దాదాపు చివరిదాకా నిలకడగా ఉండి, తర్వాత గబగబా పడిపోతుంది. లోడ్ పెట్టి, అంటే సెల్ నుంచి కరెంటు వాడుకుంటూ చూస్తేనే అసలు సంగతి తెలిసేది. ఇంకోటి, ఇది ఛార్జ్ చేసే రకం కాదు, చేస్తే పేలొచ్చు. ఇనుప ట్వీజర్‌తో అస్సలు పట్టుకోకండి, అంచు కూడా పాజిటివే కాబట్టి షార్ట్ అవుతుంది. పాత సెల్ తీయగానే రెండు వైపులా టేప్ అంటించి, పిల్లలకి అందని చోట పెట్టి, రీసైక్లింగ్‌కి ఇచ్చేయండి.

ఇంతకీ కొంటానా? పవర్ విషయంలో ప్రత్యేకంగా చెప్పడానికేం లేదు, మామూలే. అయినా ఆ ప్యాకింగ్ కోసమే కొంటా. కారు కీకి మాత్రం పూత లేని సెల్లే, అదీ ఇలాగే కత్తెర అడిగే ప్యాక్‌లో దొరికితేనే.